పాప గది పద్యం: ‘అల్పవ్యయబోధిని’ అనే టీకా తాత్పర్యం

మూలం

ఆ. చీర యూయలూడ్చి సిమ్మెంటు గోడకు
సున్నమేసి చాప చుట్ట విప్పి
చేతికందునట్లు చెక్కబొమ్మలు పెట్టి
రెండు వేలలోనె పండుగౌను

అవతారిక

అవతారిక అనగా మూలం ఏ సందర్భంలో పుట్టిందో వ్యాఖ్యాత ముందుగా తెలియజేసే భాగం. ఉయ్యాలలో పడుకొనే బిడ్డ గోడ పట్టుకొని నడవడం మొదలుపెట్టిన తరువాత, ఆ బిడ్డ ఉండే చోటును తక్కువ ఖర్చులో ఎలా మార్చుకోవాలో చెప్పే ఈ ఆటవెలది, నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ఇళ్లను దృష్టిలో ఉంచుకొన్నదని చాప, చెక్కబొమ్మ అనే రెండు మాటల వల్ల తెలుస్తున్నది. కవి పేరు లేదు, కృతిపతి లేడు, మకుటం లేదు. పద్యం ఈ వ్యాఖ్య కోసమే పుట్టిందని కొందరికి అనుమానం కలగవచ్చు; ఆ అనుమానాన్ని ఖండించే ఆధారం ఏదీ లేదు.

వ్యాఖ్యాతలందరికీ ఆదర్శప్రాయుడైన మల్లినాథసూరి, ఆధారం లేనిదాన్ని రాయననీ, అక్కర లేనిదాన్ని చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్య యథాశక్తి పాటిస్తుంది. రెండవ సగం సంగతి వేరు. శృంగారనైషధానికి సర్వంకష, ఆముక్తమాల్యదకు సంజీవని అనే వ్యాఖ్యలు రచించిన వేదం వేంకటరాయశాస్త్రిగారి తరువాత తెలుగు వ్యాఖ్యాత నుండి క్లుప్తతను ఎవరూ ఆశించరు.

పట్టణాల్లో పసిబిడ్డకంటూ వేరే గది, ఆ గదికి వేరే రంగు, అందులో కటకటాల మంచం ఉంటాయి కనుక బిడ్డ పెరిగినప్పుడు వాటిని మార్చడం ఒక ప్రత్యేక కార్యమవుతుంది. ఇక్కడి ఇళ్లలో బిడ్డ గది అంటే నడిమి గదిలో ఉయ్యాల వేలాడే చోటు మాత్రమే, దాని విస్తీర్ణం ఉయ్యాల అటూ ఇటూ ఊగినంత మేర, ఆ మేరకు గోడలు ఉండవు. కాబట్టి ఈ పద్యంలో గది అన్న మాటే లేకపోవడాన్ని లోపంగా పరిగణించరాదు. ఉయ్యాల దిగిన బిడ్డకు ఇల్లంతా గదే అవుతుందనీ, వంటింటి గడప దాకా విస్తరించిన ఆ గదిని మళ్లీ ఒక గోడ పక్కకు, ఒక చాప మీదికి కుదించడమే ఇక్కడి ప్రయత్నమనీ గ్రహించాలి.

ప్రతిపదార్థం

చీర ఊయల = పాత నూలుచీరతో కట్టిన ఉయ్యాలను; ఊడ్చి = ఊడదీసి; సిమ్మెంటు గోడకు = సిమెంటు పూత గల గోడకు; సున్నము ఏసి = సున్నం వేసి; చాప చుట్ట = చుట్టి మూల నిలబెట్టిన చాపను; విప్పి = నేల మీద పరచి; చేతికి అందునట్లు = బిడ్డ చేయి చాపితే అందే ఎత్తులో; చెక్కబొమ్మలు = కర్రతో చేసిన ఆటవస్తువులను; పెట్టి = ఉంచితే; రెండు వేలలోనె = రెండు వేల రూపాయలకు మించకుండానే; పండుగ ఔను = పండుగ అవుతుంది.

తాత్పర్యం

బిడ్డ నడక నేర్చిన తరువాత ఉయ్యాలను విప్పి, గోడకు వెల్ల వేసి, నేల మీద చాప పరచి, అందే ఎత్తులో నాలుగు చెక్క వస్తువులు అమర్చితే చాలును, ఇంతకు మించి ఖర్చు చేయనక్కర లేదు అని భావం.

వ్యాఖ్య

ముందుగా కర్త. ఊడ్చి, వేసి, విప్పి, పెట్టి అనే నాలుగూ క్త్వార్థకాలు, అంటే ఒక పని ముగించి మరొక పనికి పోవడాన్ని తెలిపే అసమాపక క్రియలు. ఇటువంటి క్రియలకూ, వాక్యాన్ని ముగించే సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలని నియమం. ఇక్కడ సమాపక క్రియ ‘ఔను’, దాని కర్త పండుగ. పండుగ వచ్చి ఉయ్యాల విప్పదు, బ్రష్షు పట్టదు కనుక నియమభంగం స్పష్టం. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో, పేరులో బాలశబ్దం ఉన్నప్పటికీ, బాలుర గదిని గురించి సూత్రం లేనందువల్ల వ్యాఖ్యాత స్వయంగా సమన్వయం చేయవలసి వచ్చింది. కర్తను చెప్పకపోవడం కవి అజ్ఞానం కాదు, ముందుజాగ్రత్త. ఉయ్యాల విప్పడం నాయనమ్మ చేతి మీదుగా జరగాలని ఒక పక్షం, అమ్మమ్మ చేతి మీదుగా జరగాలని మరొక పక్షం. సున్నానికి మనిషిని పిలవాలని తల్లి, ఆదివారం తానే వేస్తానని తండ్రి, ఆ ఆదివారం ఏదో ముందు తేల్చమని మళ్లీ తల్లి. ఇందులో ఏ ఒక్క పేరు పద్యంలోకి ఎక్కినా ఆ పద్యాన్ని ఆ ఇంట్లో పైకి చదవడానికి వీలుండదు. ఈ పని చివరకు మేనమామ మీద పడుతుందన్నది లోకప్రసిద్ధం. మేనమామకు కూలి ఇచ్చే ఆచారం లేదు గనుకనే నాలుగో పాదంలోని లెక్క నిలబడుతున్నది.

‘ఊడ్చి’ అనే క్రియకు మూడు అర్థాలున్నాయి. ఊడదీయడం ఒకటి, చీపురుతో తుడవడం రెండవది, నారు తీసి నాటడం మూడవది. చీపురు అర్థాన్ని సమర్థించేవారు, ఏడాదిన్నరగా ఉయ్యాల కింద ఎవరూ ఊడవలేదన్న ప్రత్యక్షప్రమాణాన్ని చూపిస్తారు. అది నిజమే కాని, ఊయలను ఊడ్చి అన్నప్పుడు ఊయల కర్మగా ఉండగా నేలను ఊడ్చినట్లు అన్వయించడం కుదరదు. నాటడం అనే అర్థం ఊడ్పులు అనే గోదావరి జిల్లాల వాడుక వల్ల వచ్చింది. సోమశిల నీళ్లు పారే ఆత్మకూరు మాగాణుల్లో కూడా వినబడే మాట నాట్లే కనుక ఆ అర్థం ఇక్కడ దేశీయం కాదు. అయినప్పటికీ ఉదయగిరి పక్షంవారు, అంటే కొండ కింది ఇళ్ల ఆచారాన్ని ప్రమాణంగా తీసుకొనే వ్యాఖ్యాన సంప్రదాయంవారు, దానిని వదులుకోరు. బిడ్డను ఒకచోట నుండి పెకలించి మరొకచోట నాటడానికి తమ ఊరిలోనే చారిత్రక దృష్టాంతం ఉందని వారి వాదం. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో గజపతుల నుండి ఉదయగిరి దుర్గాన్ని జయించిన తరువాత, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, దానికోసం నేటి హంపిలో ప్రత్యేకంగా ఒక ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ బాలుడు ఆ గదిలోనూ స్థిరపడలేదు. విగ్రహం నేడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దృష్టాంతం మనోహరమైనదే గాని, ఒక బిడ్డకు గది మార్చడానికి రాయి తొలిపించి గోపురం ఎత్తించి గ్రామాలు రాసిచ్చిన పద్ధతి ‘రెండు వేలలోనె’ అన్న పాదానికి విరోధిస్తున్నది కనుక దీనిని ప్రశంసించి వదలవలసినదే. ఊడదీసి అన్నదే సిద్ధాంతం.

ఊడదీసిన చీర ఎక్కడికి పోతుందో పద్యం చెప్పలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరను మాత్రమే ఉయ్యాల కడతారు కాబట్టి, అది మళ్లీ కట్టుకోవడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు. అటువంటి రెండు మూడు చీరలను పొరలుగా పరచి చుట్టూ, అడ్డంగా, నిలువుగా దారంతో కుట్టిన పరుపును బొంత అంటారు. బిడ్డ పడక విషయంలో కవి దుకాణానికి పోకపోవడానికి ఇదే కారణం; సూది ఇంట్లో ఉంటుంది, దారం ఖర్చు లెక్కలోకి రాదు, పైగా తల్లి చీర వాసన ఉన్న బొంత మీద ఉయ్యాల మానిన బిడ్డ తొందరగా నిద్రపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు. ఇక కొక్కెం. ఈమధ్య కట్టిన మిద్దెల్లో శ్లాబు వేసేటప్పుడే ఫ్యానుకొకటి, ఉయ్యాలకొకటి చొప్పున ఇనుప కొక్కేలు వదులుతారు. చీరను ఊడ్చమన్న కవి కొక్కేన్ని గురించి మౌనం వహించడం సాభిప్రాయమని, అంటే లోపల ఒక ఉద్దేశం ఉంచుకొన్నదని, నాయనమ్మలు ఏకగ్రీవంగా వ్యాఖ్యానిస్తారు. ‘అది అట్నే ఉండనీ’ అన్న వారి వాక్యానికి తాత్పర్యం కోడళ్లకు బోధపడుతుంది, టీక అక్కర లేదు.

రెండవ పాదంలోని ‘సున్నమేసి’ ఈ పద్యంలో అత్యంత వివాదాస్పదమైన ప్రయోగం. సున్నం వేసి అన్నది వాడుకలో వకారం జారి సున్నమేసి అయింది. కాని అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు విడదీస్తే సున్నము మేసి అనే అర్థమూ వస్తుంది, అంటే బిడ్డ గోడ సున్నాన్ని తిని అని. దీనిని హాస్యమని కొట్టివేయరాదు. గోడను గోటితో గీకి పెళ్లలు నోట్లో పెట్టుకోవడం ఈ వయసు బిడ్డల నిత్యకృత్యం, మట్టీ సున్నమూ అదే పనిగా తినే అలవాటు రక్తహీనతతో కలిసి కనిపిస్తుందని వైద్యులకు తెలిసినదే, కాబట్టి ఆ అలవాటు మానని బిడ్డను వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవడం అవసరం. కవి ఒకే క్రియలో గోడకు వేయడాన్నీ, బిడ్డ మేయడాన్నీ సూచించి, పెళ్లలు రాలని విధంగా వేయమని హెచ్చరించాడని చెప్పడం యుక్తం.

ఆ విధం ఎటువంటిదంటే, కాల్చిన సున్నపురాయి మీద నీరు పోసినప్పుడు అది వేడెక్కి పొంగి మెత్తని పిండి అవుతుంది. దానిని పలుచగా కలిపి గోడకు వేస్తే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ రాతి స్వభావాన్ని పొందుతుంది. పాత ఇళ్ల సున్నపు గోడ ఈ పూతను తనలో కలుపుకొంటుంది. సిమెంటు గోడ నునుపు, పైగా ఎండకాలంలో పొడి. దాని మీద చిక్కగా వేసిన సున్నం పొరలుగా లేచిపోతుంది, ఆనుకొన్న బిడ్డ వీపు తెల్లబడుతుంది. కవి గోడ అని ఊరకనక ‘సిమ్మెంటు గోడ’ అని విశేషణం చేర్చినది ఇందుకే. గోడను గీకి దులిపి, నీళ్లు చల్లి తడిపి, కొంచెం బంక కలిపిన సున్నాన్ని పలుచగా రెండు మార్లు వేయాలి, మొదటి పూత బాగా ఆరిన తరువాతనే రెండవది. తెలుపు తేలడానికి చిటికెడు నీలి కలుపుతారు. సున్నం నానబెట్టే రోజున బిడ్డ ఆ ఇంట్లో ఉండకపోవడం మంచిది, ఎందుకంటే తడి సున్నం కంట్లో పడితే కంటిపొరను కాల్చుతుంది. తాంబూలపు సున్నం డబ్బా విషయంలోనూ తాతలకు ఇదే నియమం వర్తిస్తుంది.

ఉదయగిరి పక్షానికి ఎదురు నిలిచే ఆత్మకూరు పక్షంవారు సున్నాన్ని పాతకాలపు పదార్థమని భావించి, దానికి ఉపలక్షణంగా, అంటే తన జాతివాటన్నింటికీ ప్రతినిధిగా అర్థం చెప్పి, డబ్బా రంగులనూ, జిరాఫీ స్టిక్కర్లనూ అందులో చేర్చారు. స్టిక్కరు బిడ్డ చేతికి అందే ఎత్తులో అంటిస్తే వారం నిలవదు, అందని ఎత్తులో అంటిస్తే అది పెద్దల కోసమే అవుతుంది. డబ్బా రంగు విషయంలో ఒక శాస్త్రప్రమాణం చూడవలసి ఉంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో కేంద్రం నియమం చేయగా అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపుల రంగులో, కిటికీ చువ్వల రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని ఉప్పుకాగితంతో పొడిపొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. లేపితే ఆ దుమ్ము నేల మీద, నేల మీది చాప మీద, చాప మీది బిడ్డ నోట్లో చేరుతుంది.

ఛందస్సును ఇక్కడే చెప్పడం క్రమవిరుద్ధమైనా సందర్భోచితం. ఇది ఆటవెలది, బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు ఉన్నాయి. మొదటి మూడు పాదాల్లో చీ-సి, సు-చు, చే-చె అని అక్షరసామ్యపు యతి, నాలుగో పాదంలో రెండు-పండు అని ప్రాసయతి చెల్లాయి. ఇంత సామగ్రిని చెప్పదలచిన కవి విస్తారమైన సీసపద్యాన్ని ఎందుకు ఎన్నుకోలేదని ప్రశ్న. పిల్లల గదిలో సీసం పనికిరాదు కనుక అని సమాధానం.

చాపను గురించి చెప్పవలసినది కొంచెమే. ఈ మెట్ట ప్రాంతంలో ఈతాకు చాపకు అలవాటెక్కువ. అది చల్లన, కాని అంచు ఈనెలు లేచి పాదానికి గుచ్చుకొంటాయి, రాత్రి తడిస్తే ఆరదు. ప్లాస్టిక్ చాప కడిగితే అప్పుడే ఆరుతుంది, ఎండకాలం మధ్యాహ్నం వీపుకు అంటుకొంటుంది. చాప కింద ఉన్నది కడప బండ అయితే వేసవిలో చాపే అక్కర లేదని బిడ్డ తనంతట తానే నిర్ణయించుకొని బండ మీదికి దొర్లుతుంది. చెప్పుకోదగిన విశేషం మరొకటి ఉంది. 1907 జనవరి 6న రోము నగరపు బీదల వాడలో బాలల గృహాన్ని తెరిచిన మరియా మాంటిసోరి, బిడ్డకు బిడ్డ ఎత్తు సామాను ఉండాలనీ, అల్మారా తక్కువ ఎత్తులో ఉండాలనీ, పడక నేలకు దగ్గరగా ఉండి బిడ్డ తానే ఎక్కి తానే దిగగలగాలనీ ప్రతిపాదించింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు నడిపి, యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపింది. ఈనాడు ఆ సిద్ధాంతం పేరు చెప్పి నేలకు ఆరంగుళాల ఎత్తున్న కొయ్యమంచాన్ని వేల రూపాయలకు అమ్ముతున్నారు. దాని నుండి ఆ ఆరంగుళాలను తీసివేయగా మిగిలేది చాప అని ఉదయగిరి పక్షంవారు సగర్వంగా నిరూపిస్తారు. ఈ విషయంలో ఆత్మకూరు పక్షంవారికి జవాబు లేదు, వారూ చాప మీదనే పడుకొంటారు.

మూడవ పాదంలోని ‘చేతికందునట్లు’ పద్యానికంతటికీ ప్రాణం. చేయి ఎవరిది అన్న శంకకు బిడ్డదే అని సమాధానం చెప్పడం తేలిక, ఆచరించడం కష్టం. ఇళ్లలో బొమ్మలు అతిథుల కంటికి అందే ఎత్తున, అద్దాల బీరువాలో, తాళం లోపల ఉంటాయి. ఏడాదిన్నర బిడ్డ నిలువెత్తు సుమారు 80 సెంటీమీటర్లు. దీనిని బట్టి అల్మారా పలక నేలకు మూరెడు, అంటే దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే బిడ్డ వంగకుండా, పైకి పాకకుండా వస్తువు తీసుకొని, బుద్ధి పుడితే తిరిగి పెట్టగలదు. కవి దృష్టిలో గది మార్చడమంటే రంగు మార్చడం కాదు, ఎత్తు మార్చడం. అన్నింటినీ దింపడమే ఇక్కడ అలంకరణ. పైనుండి వేలాడిన ఉయ్యాల నేల మీది బొంత అయింది, గూట్లో ఉన్న బొమ్మ మూరెడు ఎత్తుకు దిగింది, తల పైని గిలకల గుత్తి చేతిలోకి వచ్చింది, గోడ మీద క్యాలెండరు ఉండే చోటికి బదులు కింది రెండడుగులలో బొగ్గు గీతలు వెలిశాయి. ఆ గీతలను ఆపే ప్రయత్నం కవి చేయలేదు. సున్నపు గోడకు ఇదొక అదృష్టం, సంక్రాంతికి మళ్లీ ఒక పూత వేస్తే ఏడాది చిత్రకళ అంతా కిందికి పోయి కొత్త పలక సిద్ధమవుతుంది. డబ్బా రంగు వేసిన ఇంట్లో ఆ గీతల మీద తండ్రికి కోపమూ తల్లికి తడిగుడ్డా మిగులుతాయి.

మీమాంసకులు పరిసంఖ్య అనే విధిని చెబుతారు. ఒకదానిని విధించినట్లు పైకి కనిపించి, నిజానికి మిగిలినవాటిని నిషేధించడం దాని స్వభావం. చేతికందునట్లు చెక్కబొమ్మలు పెట్టమన్నది పరిసంఖ్యయే, అవి తప్ప మరేదీ అందకూడదని పర్యవసానం. తాత బీపీ మాత్రలు, ఫినాయిలు సీసా, దోమల చుట్ట, అగ్గిపెట్టె, మూరెడు ఎత్తులోనే ఉన్న కరెంటు ప్లగ్గు, స్నానాల గదిలో సగం నిండిన బకెట్టు, ఇవన్నీ చేతికి అందే వస్తువులే. వీటిలో బకెట్టును పెద్దలు లెక్కచేయరు, తలక్రిందులుగా పడిన బిడ్డకు కొద్ది నీరే ప్రాణాంతకమని మరచిపోతారు. బొమ్మల్లో కూడా 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో ఇమిడిపోయేంత చిన్నది మూడేళ్లలోపు బిడ్డకు ఇవ్వరాదని లోకంలో ఒక పరీక్ష స్థిరపడి ఉంది, గొంతుకు అడ్డం పడేది అంత చిన్నదే కనుక. అల్మారాను గోడకు మరమేకుతో బిగించడం కూడా ఈ విధిలో భాగమే. బిడ్డకు అల్మారా అలంకారం కాదు, నిచ్చెన.

చెక్కబొమ్మలు ఏవి అన్న చర్చలో రెండు పక్షాలూ మళ్లీ విడిపోయాయి. కొండపల్లి తెల్లపొణికి బొమ్మలనీ, ఏటికొప్పాక లక్కపిడతలనీ ఆత్మకూరు పక్షం. ప్రాంతీయ పద్యంలో ప్రాంతీయ వస్తువునే గ్రహించాలని ఉదయగిరి పక్షం. చిక్కేమిటంటే ఉదయగిరి ప్రసిద్ధి బొమ్మలకు కాదు, చెక్క గరిటెలకు. దుర్గం కొండల నుండి వచ్చే నార్ది, బిక్కి, కల్ది, పాలబరికి వంటి కర్రలను చెక్కి, చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే ఈ పనిలో ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారు. ఈ చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మరి గరిటె బొమ్మ ఎట్లా అవుతుంది? లక్షణ వల్ల అవుతుంది. లక్షణ అనగా మాటకు ఉన్న సూటి అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరొక అర్థాన్ని గ్రహించడం. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో కాదు, గట్టున అని తెలుసుకొన్నట్లు. ఏ బిడ్డకైనా కొన్న బొమ్మ ఒక పూట, వంటింటి గరిటె ఒక ఏడాది ఆటవస్తువు అన్న అనుభవం దీనికి బలమిస్తున్నది. రంగు పూయని చెక్క గరిటె చప్పరించడానికి, గిన్నె మీద కొట్టడానికి, అన్న నెత్తిన మోదడానికి ఏకకాలంలో ఉపకరిస్తుంది, వాటిలో ఏ పనికీ బ్యాటరీ అక్కర లేదు. అయితే చెక్కు లేచిందేమో వేలితో తడిమి చూసి, పేడు ఉంటే ఉప్పుకాగితంతో నున్నగా చేసి మరీ ఇవ్వాలి.

దీనికి ఆత్మకూరువారు చట్టం చూపించి ఆక్షేపించారు. బొమ్మల నాణ్యతపై కేంద్రం 2020లో చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలై, ఐఎస్ఐ ముద్ర లేని బొమ్మలు అమ్మరాదని నిర్దేశించింది కదా, ముద్ర లేని గరిటె బొమ్మగా ఎట్లా చెల్లుతుందని. భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకూ, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికీ ఆ ఉత్తర్వు నుండి మినహాయింపు ఉన్నది. అంతకుమించి, అది చట్టం దృష్టిలో గరిటె, బిడ్డ దృష్టిలో మాత్రమే బొమ్మ, కాబట్టి ఆక్షేపణ నిలవదు. అల్మారాలో ఒక పుస్తకం ఉంచాలని కూడా కొందరి పక్షం. దూబగుంట నారాయణకవి తన పంచతంత్రాన్ని ఉదయగిరి ప్రభువైన బసవరాజుకు అంకితమిచ్చాడు గనుక ఆ ఊరి బిడ్డకు ఆ కథలపై హక్కుందని వారి ఉద్దేశం. మంచిదే, కాని మొదటి ఏడాది బిడ్డ దానిని చదవదు, నములుతుంది, అందువల్ల అట్ట గట్టిగా ఉన్న ప్రతిని చూసుకోవాలి.

‘రెండు వేలలోనె’ అన్నచోట చివరి ఎకారం అవధారణార్థకం, అంటే ఇంతేనని గట్టిగా నొక్కి చెప్పేది. ధరలు అంగడికీ అంగడికీ మారుతాయి కాబట్టి కవి ఉద్దేశించిన విభజనను స్థూలంగా ఇట్లా ఊహించడం సమంజసం. సున్నం, నీలి, బంక, బ్రష్షు కలిపి 350 రూపాయలు, చాపకు 400, గరిటెలు, మూడు చక్రాల నడక బండి కలిపి 600, ఇంట్లో ఉన్న పాత పలకనే కోసి, మూరెడు ఎత్తున బిగించి, అంచులు గుండ్రంగా చేసినందుకు వడ్రంగికి 450. మొత్తం 1,800. ఈ లెక్కలో నడక బండి బేరం ఆడగలిగినవారికే కుదురుతుందని అంగీకరించక తప్పదు. బొంత లెక్కలోకి రాదు, మేనమామ లెక్కలోకి రాడు. మేనమామ తాగిన టీలు కూడా రావు.

మిగిలిన 200 రూపాయల వినియోగమే ‘పండుగౌను’ అన్న చివరి మాటపై వివాదానికి మూలం. పండుగ ఔను అని విడదీసినవారు, గది ముగిసిన రోజున పాయసం వండి పక్కింటి పిల్లలను పిలవాలని అర్థం చెప్పారు. ఆత్మకూరు పక్షంవారు దీనినే పండు గౌను అని విడదీసి, పండ్ల బొమ్మలు అచ్చు వేసిన గౌను అని వ్యాఖ్యానించారు. కొత్త గదిలోకి పాత గౌనుతో పోవడం ఏ శాస్త్రం ఒప్పుకొంటుందని వారి ప్రశ్న. బిడ్డ మగవాడైతే ఈ అర్థం చెల్లదని ఉదయగిరివారు అడ్డు తగిలారు గాని, చెవులు కుట్టేదాకా మగబిడ్డకు కూడా గౌను తొడగడం రెండు ఊళ్లలోనూ ఉన్నదే కనుక ఆ అభ్యంతరం దుర్బలం. ఒకే మాట రెండు విధాల విడిపోయి రెండు అర్థాలూ సందర్భానికి పొసగితే దానిని శ్లేష అంటారు. ఇక్కడ పాయసానికి బియ్యం, బెల్లం, పాలు ఇంట్లోనే ఉంటాయి, 200 రూపాయలు చేతిలోనే ఉంటాయి, కాబట్టి రెండు అర్థాలకూ ద్రవ్యం ఉంది, శ్లేష సిద్ధించింది. ఆ గౌను ఒక సైజు పెద్దది కొనాలన్న విషయంలో మాత్రం ఉభయపక్షాలకూ భేదం లేదు.